రేకు ఆవుల మీద సగం చక్రం

ఆ రోజు పొద్దున ఆకాశం పడమట నీలంగా, తూర్పున బూడిద రంగులో, నడిమధ్య ఏ రంగో తేల్చుకోలేక ఉంది. ముఖ్యమైన తీర్మానం ఉన్న రోజున మా కౌంటీ కమిషనర్లు కూడా అలాగే ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గాలి మాత్రం ఎప్పటిలాగే ఒకే అభిప్రాయం మీద నిలబడి ఉంది.

అలాంటి పొద్దున నాకు తెలిసివచ్చిన సత్యం ఇది. మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన వ్యవస్థలన్నిటిలోకి పశువుల ముద్రల తనిఖీని మించింది లేదు. కోర్టులు పొరబడతాయి. ఎన్నికలు పొరబడతాయి. వాతావరణ శాఖ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముద్రల తనిఖీ పొరబడదు. ఆవు ఒంటి మీద ఎవరి వాత ఉంటే ఆవు వారిది, అంతే. మా మోంటానా రాష్ట్రంలో ఆవు చేతులు మారాలన్నా, కౌంటీ గీత దాటాలన్నా ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి దాని పక్కటెముకల మీద ముద్ర చూసి కాగితం రాయాలి. మనుషులు దాటడానికి అలాంటి ఏర్పాటేదీ లేదు (మా కౌంటీలోకి కావాలని వచ్చేవాళ్ళు తక్కువ, ఆ కొద్దిమందినీ అనుమానించడం బాగుండదు).

నేను పుట్టింది ఈ వ్యవస్థలోనే. ఒకే గది, ఒకే పంతులమ్మ, ఒకే పొయ్యి ఉన్న పల్లె బడిలో నేర్చిన చదువు చాలావరకు మరిచిపోయాను గాని, ట్రక్కు వెనక ఆవు ఆకారం కనబడితే ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చెయ్యాలన్నది మరవలేదు. చెయ్యి దానంతట అదే ఫోన్ దగ్గరికి పోతుంది. మెదడు దాని వెనక తీరిగ్గా వస్తుంది. ఆ రోజు మెదడు వచ్చేసరికి ఆలస్యమైంది.

నా పేరు ఆర్విడ్ నెస్. వృత్తి పశువులు. గుర్రం మీదనుంచి పడి నడుం పట్టేసిన చలికాలంలో నా భార్య అర్డిస్, నేను కిటికీ దగ్గర కూర్చుని పెట్టే నిట్టూర్పులు వినలేక, పశువుల కొట్టానికి వెయ్యగా మిగిలిన రంగు డబ్బాలు తెచ్చి ముందు పెట్టింది.

"ఏదో ఒకటి పూసుకో. నోరు మాత్రం మూసుకో" అంది.

కళా ప్రపంచంలోకి నా ప్రవేశం అలా జరిగింది. మొదట ఆవుల్ని వేశాను, నాకు తెలిసిన ముఖాలు అవే కనక. తరువాత ముసలివాళ్ళు చెప్పిన పాత సంగతులు వేశాను. మా తాతల కాలపు వలస బళ్ళు, గడ్డి పెళ్ళలతో కట్టిన ఇళ్ళు, మంచు తుఫాన్లు. అర్డిస్ వాటిని కోళ్ళ గూటి గోడలకు మేకులు కొట్టి తగిలించింది. కోళ్ళు అభ్యంతరం చెప్పలేదు.

కొన్నేళ్ళకు రాజధానినుంచి కొత్త బూట్లు వేసుకున్న ఒకావిడ వచ్చి, కోళ్ళ గూటిలో చాలాసేపు నిలబడి, "మీరు తొలి వలసల చరిత్రను పునర్దర్శిస్తున్నారు" అంది.

"అవునండి" అన్నాను. (మొదటిసారి సరిగ్గా చూసి ఉంటే రెండోసారి చూడాల్సిన పని ఏముంటుందో నాకు అర్థం కాలేదు. కాని బూట్లు కొత్తవి, పాపం బాగా బురదైపోయాయి.)

అప్పటినుంచి నేను కళాకారుణ్ణి. కళాకారుడు గోడల మీద ఆగకూడదని, ఆరుబయటికి రావాలని ఆవిడే చెప్పింది. అందుకని హైవే పక్కన మా బీటిలో ఉన్న గుట్ట మీద ఒక పెద్ద బొమ్మల కొలువు పెట్టాను. ఇనుప రేకులో నిలువెత్తు ఆవులు. వాటి మధ్య మా తాత ఊలె నెస్, చేతిలో ఎర్రగా కాలిన కడ్డీతో వంగి. చుట్టూ గడ్డి.

గుట్ట మీద బొమ్మలు పెట్టాలంటే అనుమతులు కావాలి. రోడ్ల శాఖ వాళ్ళు వాటిని ప్రకటన బోర్డు అన్నారు. ఏం ప్రకటిస్తోందని అడిగారు. ఏమీ లేదన్నాను. అయితే ఖాళీ ప్రకటన బోర్డు కింద రాసుకుంటామన్నారు. భవనాల శాఖ వాళ్ళు, నాలుగు కాళ్ళూ నేలలో పాతినందువల్ల ప్రతి ఆవూ ఒక భవనమేనని, అందులో ఎవరూ కాపురం ఉండరని హామీ రాసివ్వమని అడిగారు. రాసిచ్చాను. మా తాత కూడా రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు గనక ఆయన సగం భవనం అయ్యాడు.

రేకు కోసింది, అతికించింది లోయిస్ గ్రేహాక్. ఉత్తరాన ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్‌లో, అక్కడి కాలేజీలో వెల్డింగ్ నేర్పుతుంది. తనూ బొమ్మలు వేస్తుంది, నాకంటే బాగా. ఆవిడ వాళ్ళు అసినిబోయిన్లు, మా తాతలు రాకముందు ఇక్కడ ఉన్నవాళ్ళు. హైవే మీద మా వారసత్వ మండలి నాటిన బోర్డు ఒకటుంది: ఊలె నెస్ ఖాళీ చేతులతో ఈ జనంలేని నేలకు వచ్చి, స్వయంకృషితో గొప్ప మందను కూడబెట్టెను, అని. లోయిస్ మా ఇంటికి వచ్చే ప్రతిసారీ ఆ బోర్డు పక్కనే బండి ఆపుకుని ఫ్లాస్కులో కాఫీ తాగుతుంది. ఎందుకని అడిగితే, "జనంలేని చోట కాఫీ ప్రశాంతంగా ఉంటుంది" అంటుంది.

గడ్డి ఆవిడ సొంత ఆలోచన. ఛాతీ ఎత్తు రేకు పోచలు, ఒక్కొక్కటీ వేరుగా కోసి, వేరుగా వంచి పాతింది. గాలి వస్తే ఒకదానికొకటి తగిలి నెమ్మదిగా మోగుతాయి. ఆవులకంటే గడ్డికే ఎక్కువ కాలం పట్టింది. నేను దాన్ని వెనక నేపథ్యం అనేవాణ్ణి. ఆవిడ ఇంకో పోచ కొయ్యడానికి వంగేది.

ఇక ముద్ర సంగతి.

మా నెస్‌ల ముద్ర నిండు చక్రం. పక్క బీటి వానెక్‌లది అర్ధచంద్రం, కొమ్ములు పైకి. మా కొట్టంలో తాత కాలంనాటి ఆవు తోలు ఒకటి గోడకు వేలాడుతుండేది. రంగు చూసుకుందామని ఒకరోజు దాన్ని దించి, వెనక్కి తిప్పాను. వెంట్రుకల వైపునుంచి చూస్తే వాత అంతా ఒకటిగానే ఉంటుంది. మాంసం వైపు అబద్ధం ఆడదు. చక్రంలో కింది సగం ముదిరి గట్టిపడి ఉంది. పై సగం పలుచన. అంటే కింది సగం దూడప్పుడు వేసింది, పై సగం చాలా తరువాత.

మా తాత దేన్నీ సగంలో వదిలే మనిషి కాదని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఎంత ఖచ్చితంగా చెప్పుకున్నారో ఆ రోజు అర్థమైంది.

తాత కాలంనాటి ఆ పెద్ద చలికాలం సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. తుఫానులో పశువులు గాలికి ఎదురు నడవవు. గాలి తోసిన వైపు పోతాయి. ఆ ఏడు గాలి వానెక్‌ల బీటినుంచి మా బీటి వైపు తోసింది. వానెక్‌ల మంద చచ్చిపోయిందని, నెస్‌ల మంద పెరిగిందని, రెండూ దేవుడి పనులేనని లోకం నమ్మింది. దేవుడు రెండో పని కడ్డీతో చేశాడని తోలు చెబుతోంది.

కళాకారుడు సత్యాన్ని దాచకూడదు. అందుకని రేకు ఆవులన్నిటి మీదా చక్రం వేశాను. కింది సగం పాత మచ్చలా నల్లగా, పై సగం అప్పుడే కాల్చినట్టు ఎర్రగా. ఇక్కడ ముద్ర ఎడమ పక్కన వేస్తారు. నా ఆవుల ఎడమ పక్కలు కొండల వైపు, కుడి పక్కలు రోడ్డు వైపు వచ్చేలా నిలబెట్టాను. కళాపరమైన కారణాలవల్ల. (ఆ రోడ్డు మీద రోజూ పోయేది మిలో వానెక్.)

"మిలోకి చెప్పావా?" అని లోయిస్ ఒకసారి అడిగింది.

"చూస్తాడులే."

"అటు తిప్పి పెట్టావు కదా, ఎట్లా చూస్తాడు? కొండెక్కి చూస్తాడా?"

"కళని వివరించకూడదు లోయిస్."

"అదేదో మీ తాత కూడా అనే ఉంటాడు" అంది, ముసుగు దించుకుని వెల్డింగ్ మొదలుపెట్టింది.

ఇంతలో రాజధానిలో చరిత్ర భవనం ముందున్న పచ్చికలో ఈ కొలువు పెట్టమని పిలుపు వచ్చింది. నాకు సంతోషమైంది. మా తాత చేసిన పనిని అక్కడ, ముక్కూ ముఖం తెలియని జనం ముందు, ధైర్యంగా బయటపెట్టొచ్చు. వాళ్ళు మెచ్చుకుంటారు. ఇక్కడెవరూ అంత దూరం పోయి చూడరు. నిజం చెప్పినట్టూ ఉంటుంది, మిలోతో పొరుగూ చెడదు. ఇంత పొందికైన ఏర్పాటు నా జీవితంలో మరొకటి చెయ్యలేదు.

ఆకాశం అలా ఉన్న ఆ పొద్దున నేనూ లోయిస్ ఆవుల్ని పెకలించి ట్రక్కులోకి ఎక్కించాం. చివరి ఆవు ఎక్కింది. వెనక తలుపు వేశాను. గొళ్ళెం పెట్టాను. ఫోన్ చేశాను.

ఇన్‌స్పెక్టర్ డెలమర్ ప్రూయిట్ అర్డిస్‌కు తమ్ముడు. నాకు బావమరిది. వచ్చాడు.

"బావా, కాఫీ ఉందా?" అన్నాడు బండి దిగుతూనే. అర్డిస్ ఇచ్చింది. తాగాడు. కప్పు కడిగి బోర్లించి, జేబులోంచి ప్రభుత్వ బిళ్ళ తీసి చొక్కాకు పెట్టుకున్నాడు. బిళ్ళ పెట్టుకున్నాక అతనికి చుట్టాలు ఉండరు.

"నెస్ గారూ, పశువులెక్కడున్నాయి?"

"ట్రక్కులో."

వెళ్ళి చూశాడు. తట్టి చూశాడు. మోగింది.

"ఇవి రేకు."

"అవును."

"మరి మీరు నన్నెందుకు పిలిచారు?"

అప్పుడు వచ్చింది నా మెదడు. కాని మనిషిని ఇరవై మైళ్ళు రప్పించి పొరపాటున పిలిచానని చెప్పడం మర్యాదగా తోచలేదు. "కౌంటీ దాటుతున్నాయి కదా" అన్నాను.

డెలమర్ ఆలోచించి, అదీ నిజమేనన్నట్టు తలూపాడు.

ట్రక్కు మీద కూర్చున్న లోయిస్, "మీ ఇద్దర్నీ కలిపి కరగబోస్తే ఒక మేకు కూడా రాదు" అంది.

డెలమర్ పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. చాలాసేపు "అవునండి, రేకండి" అన్నాడు. పెట్టేసి నా వైపు తిరిగాడు.

"చట్టంలో పశువుకు ప్రాణం ఉండాలని ఎక్కడా లేదట. తోలుకు తనిఖీ ఉంది. కళేబరానికీ ఉంది. కాబట్టి ప్రాణం లేకపోవడం మినహాయింపు కిందికి రాదన్నారు. పిలవకుండా ఉండుంటే వేరే సంగతి. పిలిచారు గనక చూడక తప్పదు."

అలవాటు చొప్పున వెంట్రుకలు కత్తిరించే మిషన్ తీసి రేకు మీద పెట్టబోయి, ఆగి, జేబులో వేసుకున్నాడు (రిపోర్టులో ఈ భాగం లేదు). బొటనవేలితో ముద్ర చుట్టూ రాశాడు. వేలు పై సగం మీద నడిచింది. కింది సగం దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి వచ్చింది.

"కింది సగం పాతది."

"రంగు కదయ్యా అది. బొమ్మ."

"బొమ్మలో ఏముందో అదే చదువుతున్నాను. కింది సగం పాతది, అర్ధచంద్రం. పైది తరువాత కలిపింది. అర్ధచంద్రం వానెక్‌లది." రెండో ఆవు చూశాడు. మూడోది చూశాడు. "మీరు బాగా వేశారు నెస్ గారూ. కాస్త చెడగొట్టి వేసుంటే పంపించేసేవాణ్ణి."

నా కళ గురించి మా కౌంటీలో ఎవరైనా పలికిన మంచి మాట అదొక్కటే.

"అమ్మకం కాగితం చూపించండి" అన్నాడు.

"ఏ అమ్మకం?"

"వానెక్‌లు ఈ పశువుల్ని నెస్‌లకు అమ్మినట్టు."

"లేదు."

"ఇప్పుడు లేదా, అప్పుడూ లేదా?"

అర్డిస్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోయిస్ బూటు ఊపడం ఆపింది. గుట్ట మీద ఇంకా పాతి ఉన్న రేకు గడ్డి మాత్రం మోగుతోంది.

"అప్పుడూ లేదు" అన్నాను.

డెలమర్ బిళ్ళ తీశాడు. "బావా," అన్నాడు మెల్లగా, "నువ్వు నన్ను పిలవకుండా ఉండాల్సింది." మళ్ళీ బిళ్ళ పెట్టుకున్నాడు. "ముద్ర యజమానిని పిలవాలి. నిబంధన."

మిలో వానెక్ వచ్చాడు. నా ఈడువాడే. ఒకే పల్లె బడి, ఒకే బల్ల. నా దూడలకు వాత వేసేరోజు మిలో వస్తాడు, వాళ్ళ దూడలకు వేసేరోజు నేను పోతాను. మా నాన్నలూ అంతే. ఇక్కడ ఒకరికి ఒంటరిగా జరిగే పని ఏదీ లేదు, చావుతో సహా. అందుకే ఇక్కడివాళ్ళు తక్కువ మాట్లాడతారు. మాటలతో పోగొట్టుకోడానికి మిగులు పొరుగువాళ్ళు లేరు.

"ఏరా ఆర్విడ్, నీ బొమ్మలకు రోగమొచ్చిందా, డాక్టర్ని పిలిచావు?" అన్నాడు నవ్వుతూ. ట్రక్కు చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, వెనక మనిషి లేకుండా.

చేతి తొడుగు తీశాడు. నల్లటి సగం మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఎన్నాళ్ళుగా తెలుసురా?"

"తోలు తిరగేసినప్పట్నుంచి. రెండు చలికాలాలు."

"అంటే రెండుసార్లు నా దొడ్లో కూర్చుని దూడల కాళ్ళు పట్టావు. రెండుసార్లు మా ఆవిడ టిల్లీ చేతి కొలాచీలు, ఆ పళ్ళ బన్నులు తిన్నావు."

"తిన్నాను."

"ఇప్పుడు రాజధాని వాళ్ళకి చెబుదామని పోతున్నావు."

"ఊఁ."

"నాకంటే ముందు."

దీనికి జవాబుగా చెప్పదగ్గ కళాపరమైన మాటలు నాకు కొన్ని వచ్చు, ఆ కొత్త బూట్లావిడ నేర్పింది. అవి వదిలేసి, "వాళ్ళు దూరం కదా" అన్నాను.

మిలో తలూపాడు. నాకు తెలిసి ఆ రోజు అందరికంటే నన్ను బాగా అర్థం చేసుకున్నది అతనే, అదే బాధ.

"మా తాత ఆ ఎండాకాలమంతా బీళ్ళలో తిరిగాడట, ఎముకల కోసం" అన్నాడు ఆవు వైపు చూస్తూనే. "చచ్చిన మందకు ఎముకలుంటాయి కదా. పుర్రెలుంటాయి. ఏమీ దొరకలేదు. తుఫాను ఎముకల్ని కూడా తినేసిందనుకుని ఊరుకున్నాడు. మా నాన్న మాత్రం నమ్మేవాడు కాదు. ఎవరితోనూ అనేవాడూ కాదు. మీ నాన్న దూడల పనికి వచ్చినప్పుడల్లా ఆయన కంచంలో మాంసం ముందు వేసేవాడు, తింటుంటే చూసేవాడు."

డెలమర్ గొంతు సవరించుకున్నాడు. "చట్టప్రకారం రెండు దార్లున్నాయి. వానెక్ గారు అమ్మినట్టు సంతకం పెడితే నెస్ గారు తీసుకుపోవచ్చు. లేదా ఈ పశువులు వానెక్ గారివి."

"అమ్మను" అన్నాడు మిలో.

"వీటినేం చేసుకుంటావయ్యా, పాలిస్తాయా?" అంది అర్డిస్ గుమ్మంలోంచి.

"మా తాతకూ ఇవ్వలేదులే అర్డిస్."

 డెలమర్ రాసుకుంటున్నాడు. అప్పుడు లోయిస్ ట్రక్కు మీదనుంచి దిగింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక సందేహం. ఈ ఆవులు ఆయన తాతవా, ఈయన తాతవా అన్నది తేలింది. సంతోషం. మరి అవి మేసిన గడ్డి?"

"గడ్డికేం?"

"అది ఎవరిదని రాశారు?"

డెలమర్ చట్టమంతా మనసులో తిరగేసినట్టు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మంచివాడు, హడావిడిగా జవాబు చెప్పడు. "గడ్డికి ముద్ర ఉండదమ్మా" అన్నాడు. "ముద్ర లేనిదానికి తనిఖీ లేదు."

"అదే అనుకున్నాను" అంది లోయిస్. మిలో, నేను, ఇద్దరం ఒకేసారి బూట్ల వైపు చూసుకున్నాం. ఆ విషయంలో మాకు తగాదా లేదు.

పొరుగువాడు పశువుల్ని ఎక్కించుకుంటుంటే సాయం చెయ్యడం ఇక్కడి పద్ధతి. పద్ధతి ప్రకారం నా చేతులతోనే నా ఆవుల్ని మిలో ట్రక్కులోకి ఎక్కించాను. వందేళ్ళ కిందట ఇదే దారిన ఇటు వచ్చాయి. అప్పుడు తుఫాను తోసింది, ఇప్పుడు నేను తోశాను. మిలో తాడు బిగించి, చెయ్యి ఎత్తకుండా వెళ్ళిపోయాడు. ఇక్కడ చెయ్యి ఎత్తకుండా పోవడమంటే మామూలు విషయం కాదు. పరాయి కౌంటీ బండికి కూడా ఒక వేలు లేపుతాం.

రాజధానికి మా తాతా, గడ్డీ వెళ్ళారు. ఛాతీ ఎత్తు గడ్డి మధ్య మా తాత కాలిన కడ్డీతో వంగి, ఏమీ లేని చోట వాత వేస్తూ నిలబడ్డాడు. ఆవులు ఎక్కడని అడిగితే ఏం చెప్పాలా అని దారంతా జవాబులు కట్టుకుంటూ పోయాను. ఎవరూ అడగలేదు. కొత్త బూట్లావిడ (ఈసారి వేరే కొత్తవి) కళ్ళు తుడుచుకుని, "లేనిదానితో చెప్పించారు. ఇంత సాహసం నేను ఊహించలేదు" అంది.

"అవునండి" అన్నాను.

గడ్డి గురించి రాస్తూ ఒక పత్రిక, నేపథ్యం పొందికగా ఉంది, అంది. లోయిస్ ఆ ముక్క కత్తిరించి వెల్డింగ్ షాపులో గోడకు అంటించింది. కింద తన చేత్తో, ఇది మేమే, అని రాసింది.

నాకు ప్రశంసలు వస్తున్న ఆ నెలంతా నా చూపు ఫోన్ మీదే ఉంది, ప్రశంసల కోసం కాదు. మే నెలలో వానెక్‌ల దూడలకు వాత వేస్తారు. పిలుపులంటూ ఉండవు. ఫోన్ మోగుతుంది, ఏ గేటు దగ్గరికి రావాలో ఒక్క ముక్క చెబుతారు, పెట్టేస్తారు. మా నాన్నకు ఏటా మోగింది. నాకు ఏటా మోగింది. ఈసారి మోగకపోతే నెస్‌లు అనేవాళ్ళకు ఈ లోయలో పొరుగు లేనట్టే. బీడు ఉంటుంది, మంద ఉంటుంది, రాజధానిలో పేరు కూడా ఉంటుంది. దూడ కాలు పట్టేవాడు ఉండడు.

వాళ్ళ బీటి పక్కగా ఒకసారి వెళ్ళాను. రేకు ఆవుల్ని మిలో కంచె వెంబడి పాతాడు. ఎడమ పక్కలు రోడ్డు వైపు. నిజం ఆవులు కొన్ని వాటి నీడన పడుకుని ఉన్నాయి. ఒక దూడ ఎర్రటి సగాన్ని నాకుతోంది.

ఇంటికి వచ్చి, "ఆ ఫోన్ పనిచేస్తోందా?" అని అర్డిస్‌ని అడిగాను.

"నువ్వు ముట్టకపోతే పనిచేస్తుంది" అంది.

ఒక పొద్దున మోగింది.

"ఏటి గట్టు గేటు" అన్నాడు మిలో. పెట్టేశాడు.

వెళ్ళాను. చుట్టుపక్కల అందరూ వచ్చారు. డెలమర్ బిళ్ళ లేకుండా వచ్చాడు. తన వెల్డింగ్ ఎన్నాళ్ళు నిలుస్తుందో చూసుకోడానికని లోయిస్ వచ్చింది. నేను ఎప్పటిలాగే దూడల కాళ్ళు పట్టేవాళ్ళ వరసలోకి పోయి, తొడుగులు వేసుకుని, నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇక్కడ దూడలు పట్టడానికి ఎవరైనా పనికొస్తారు. తాడు వెయ్యడం చేతయినవాళ్ళు వేస్తారు. కడ్డీ మాత్రం ఇంటివాడు తనే పట్టుకుంటాడు, లేదా సొంత మనిషికి ఇస్తాడు. మిలో నిప్పులోంచి కడ్డీ తీశాడు. అర్ధచంద్రం, ఎర్రగా. అందరి ముందునుంచీ నడుచుకుంటూ వచ్చి నా ముందు ఆగి, పిడి నా వైపు తిప్పాడు.

పట్టుకున్నాను.

"సగమే" అన్నాడు. "అక్కడితో ఆపు."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియక చాలామంది తాళ్ళు సర్దుకున్నారు. నేను మొదటి దూడ దగ్గర వంగాను, మా తాత వంగినట్టే (ముక్కు కూడా అదే, అర్డిస్ ఎన్ని అన్నా). సగం వేశాను. ఆపాను. మిలో వచ్చి, కాగితంలో చిన్న అక్షరాలు చూసినట్టు దగ్గరగా చూసి, తరువాతి దూడ వైపు నడిచాడు. సాయంత్రం వరకు ప్రతి దూడనూ అలాగే చూశాడు. డెలమర్ కంటే బాగా చూశాడు.

పని అయ్యాక కొట్టంలో పొడుగాటి బల్లల దగ్గర కూర్చున్నాం. టిల్లీ కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, చిక్కుళ్ళు, కొలాచీలు తెచ్చింది. లోయిస్ తెచ్చిన అడవి చెర్రీల పాకం మధ్యలో పెట్టారు. మిలో గరిటె తీసుకుని నా కంచంలో మాంసం ముందు వేశాడు. మా నాన్నకు అలా ఎందుకు వేసేవాళ్ళో నాకిప్పుడు తెలుసు, నాకు తెలుసని మిలోకి తెలుసు. అయినా ముద్ద నోట్లో పెట్టుకున్నాను.  డెలమర్ ఉప్పు కావాలని వేలితో చూపించాడు. అర్డిస్ జరిపింది. లోయిస్ తింటూ, తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూస్తోంది.

బయట కంచె దాకా, కంచె దాటి, కనుచూపు మేర గడ్డి గాలికి వంగుతోంది. మిగతావాళ్ళం ఎవరమూ అటు చూడలేదు. నిబంధనల ప్రకారం అది చూడవలసిన వస్తువు కాదు.